వీధందరి కార్డు

వెంగ్ చేతికి ఆ కార్డు వచ్చిన రోజున సాన్ రోకే వీధిలో ఎవరూ పట్టించుకోలేదు. అది క్రెడిట్ కార్డు. బ్యాంకు కవరులో, అట్టముక్కకు అతికించి వచ్చింది. వెంగ్ దాన్ని ఊడదీసి, వెనక సంతకం పెట్టి, పర్సులో ఓటరు కార్డు వెనక్కి నెట్టి మరిచిపోయింది. ఆమె పనిచేసే వైర్ల ఫ్యాక్టరీ జీతాలన్నీ ఆ బ్యాంకులోనే పడతాయి. అందుకని ఆఫీసులో కూర్చునే వాళ్ళందరికీ, అడిగినా అడక్కపోయినా, కార్డులు పంపారు. వెంగ్ అక్కడ జీతాల గుమాస్తా. నలభై ఆరేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. రెండు గదుల ఇల్లు, ఒక కుక్క. అంతే సంసారం.

పెళ్ళికాని, నెలజీతం తెచ్చుకునే ఆడమనిషి ఉంటే ఆ వీధికి అదొక వసతి. ఏ ఇంట్లో బిడ్డకు జ్ఞానస్నానం జరిగినా జ్ఞానతల్లి వెంగే. ఎవరు పోయినా పూలదండ వెంగ్‌దే. బడి జెండా కర్ర విరిగితే కొత్త కర్రకు చందా జాబితాలో మొదటి పేరు వెంగ్‌దే. అదేదో బలవంతమని ఎవరూ అనుకోరు. వెంగ్ కూడా అనుకోలేదు. నలుగురూ తన గుమ్మం తొక్కుతున్నారంటే ఆమెకు లోలోపల కాస్త గొప్పగానే ఉండేది.

కార్డు సంగతి బయటపడింది లూదీ హోటల్లో. హోటలంటే రేకుల కప్పు, నాలుగు బల్లలు, అద్దాల పెట్టెలో వరసగా కూరల గిన్నెలు. వెంగ్ ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. లూదీ పెద్దకూతురికి వెంగ్ జ్ఞానతల్లి. అందుకని వాళ్ళిద్దరూ ఒకరినొకరు 'మారే' అని పిలుచుకుంటారు. బిడ్డ కన్నతల్లికీ జ్ఞానతల్లికీ మధ్య ఆ పిలుపు ఒకసారి పడిందంటే, తోబుట్టువుల వరసకంటే అది ఒక మెట్టు పైన.

"ఫ్రిజ్ వాయిదాల మీద ఇస్తార్ట. జీతం చీటీ చూపించమంటాడు ఆ షాపువాడు. నాకెక్కడిదే జీతం చీటీ? ఈ గరిటె చూపించనా?" అంది లూదీ.

"నా దగ్గర కార్డుంది. దాని మీద ఇస్తారనుకుంటా," అంది వెంగ్.

ఆ మాట అనకపోతే ఈ కథ లేదు.

ఆ ఆదివారం ఇద్దరూ మంచి బట్టలు వేసుకుని లిపా పట్నం వెళ్ళారు. రెండు తలుపుల ఫ్రిజ్. ఇరవై నాలుగు వేల పెసోలు. షాపువాడు కార్డు గీకాడు, కాగితం బయటకు వచ్చింది, వెంగ్ సంతకం పెట్టింది. నెలకు వెయ్యి చొప్పున లూదీ వెంగ్ చేతికిస్తుంది, వెంగ్ బ్యాంకులో కడుతుంది. ఇంత సుఖమైన ఏర్పాటు ఇన్నాళ్ళూ తట్టలేదేమా అని ఇద్దరూ నవ్వుకుంటూ తిరిగొచ్చారు.

ఫ్రిజ్ దిగిన సాయంత్రమే చోలెంగ్ అత్త వచ్చింది. డెబ్భై ఏళ్ళావిడ. "నా కీళ్ళు చూడవే తల్లీ, బట్టలుతకలేకపోతున్నా," అంది. వాషింగ్ మెషీన్ గీకారు. తరవాత కిరాయికి మోటారు ట్రైసికిల్ తోలే అర్నెల్ వచ్చాడు. బండికి టైర్లు, వాడికో ఫోను. ఆ వెనక వార్డు మెంబరు హెర్మో. పుట్టినరోజుకు పాటలు పాడుకునే పెట్టె కావాలన్నాడు, మనిషంత ఎత్తు స్పీకర్లతో. "వార్డు సొమ్ముతో కొంటే జనం అనుకుంటారు వెంగక్కా. నీ కార్డు మీదైతే మర్యాదగా ఉంటుంది," అన్నాడు. అది ఏ రకం మర్యాదో వెంగ్‌కు అర్థం కాలేదు గానీ తల ఊపింది. తనకోసం ఆమె గీకించుకున్నది ఒక ఇస్త్రీపెట్టె.

మొదట్లో అందరూ ఇచ్చారు. ఫలానా తారీకు అనకుండా, చేతిలో ఉన్నప్పుడల్లా ఇచ్చారు. తరవాత ఒక నెల తుఫాను వచ్చింది, ఒక నెల బడులు తెరిచారు, ఒక నెల చోలెంగ్ అత్త కొడుక్కి కడుపునొప్పి. ఎవరి కారణం వాళ్ళకు నిజమే. బ్యాంకుకు మాత్రం కారణాలు పట్టవు. వెంగ్ తన జీతంలోంచి కొంత కట్టింది. కనీసం ఇంత కడితే చాలని బిల్లులో ఒక చిన్న అంకె ఉంటుంది. ఆ చిన్న అంకెను నమ్ముకుంది. దాన్ని నమ్ముకున్న వాళ్ళ అప్పు నిద్రపోదు, పెరుగుతుంది. మూడేళ్ళకు వడ్డీలూ జరిమానాలూ కలిసి అది లక్షా ఎనభై వేలయింది.

ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. అప్పు పుచ్చుకున్నవాడు తలెత్తుకునే తిరుగుతాడు. ఇచ్చినవాళ్ళే ఎదురుపడితే పక్క సందులోకి తిరుగుతారు, తమను చూసి అడగడానికే వచ్చారనుకుంటారేమోనని. అడగలేదంటే అవసరం లేదన్నమాట, అని పుచ్చుకున్నవాడి లెక్క. ఇవ్వలేదంటే లేదన్నమాట, అని ఇచ్చినవాళ్ళ లెక్క. రెండు లెక్కలూ ఎంత చక్కగా కుదురుతాయంటే మధ్యలో డబ్బు కదలవలసిన పనే ఉండదు.

బ్యాంకు తరపున ఫోను చేసే మనిషి పేరు రోడెల్. ముప్ఫయ్యేళ్ళుంటాయేమో, గొంతు మెత్తగా ఉంటుంది. వెంగ్ ఫ్యాక్టరీ మెట్ల మలుపులో నిలబడి మాట్లాడేది.

"మేడమ్ రోవేనా, భోంచేశారాండీ?" అంటాడు ముందు. రోవేనా ఆమె అసలు పేరు, బ్యాంకువాళ్ళు తప్ప ఎవరూ పిలవరు.

"చేశానండీ. మీరు?"

"ఇంకా లేదు మేడమ్. మీ తరవాత ఇంకో ఇద్దరున్నారు."

ఆ నెల మొదట్లో అతను ఒక దారి చెప్పాడు. బ్యాంకు వడ్డీ ఆపేస్తుంది. మిగిలిన అప్పును అయిదేళ్ళ వాయిదాలు చేస్తుంది, జీతంలోంచి కట్టుకోవచ్చు. కార్డు వెనక్కి ఇచ్చెయ్యాలి. అయితే ముందుగా ఒకేసారి ముప్ఫయి వేలు కట్టాలి, నెలాఖరు శుక్రవారం లోపల. "ఆ రోజు దాటితే ఫైలు లాయర్లకు పోతుంది మేడమ్. వాళ్ళు మీ ఫ్యాక్టరీకి ఉత్తరం రాస్తారు. మీరు జీతాలు చూసే మనిషి కదా, అందుకని చెప్తున్నాను."

ఎందుకో చెప్పక్కర్లేదు. అప్పుల్లో మునిగిన గుమాస్తా చేతికి ఎనిమిది వందల మంది జీతాల లెక్క ఏ ఫ్యాక్టరీ ఇవ్వదు. ఆ ఉత్తరం వస్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే అప్పు ఉంటుంది. వెంగ్ దగ్గర దారి ఖర్చులకు తప్ప డబ్బు లేదు. ముప్ఫయి వేలూ వీధిలోనే ఉన్నాయి, ఫ్రిజ్‌గా, టైర్లుగా, స్పీకర్లుగా.

అడగాలనే బయల్దేరింది. మొదట అర్నెల్ ట్రైసికిల్ ఎక్కింది. దారంతా మాట కూర్చుకుంది. దిగాక పర్సు తీస్తే అర్నెల్ చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ దగ్గర ఛార్జీ తీసుకుంటానా వెంగక్కా? నా చెయ్యి పడిపోదూ?" ఇరవై పెసోలు వద్దన్నవాణ్ణి ఆరు వేలు ఎలా అడుగుతుంది? దిగి వెళ్ళిపోయింది.

తరవాత లూదీ హోటలుకు వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంది. లూదీ అప్పటికే మండిపోతోంది. పక్క వీధి ట్రైసికిల్ వాళ్ళు తిని, రేపిస్తామని పోయారట.

"సిగ్గుందా అసలు వీళ్ళకి! మింగేటప్పుడు ఇంత నోరు. ఇచ్చేటప్పుడు మూగాళ్ళు. నేనైతే ఊరుకోను మారే. వాడి బండికి అడ్డంగా నిలబడి, పదిమందిలో అడుగుతా. ఏం, నా డబ్బు కాదా?"

"నీ డబ్బే," అంది వెంగ్. వెనక ఫ్రిజ్ గుర్రుమని మొదలై ఆగింది.

ఆ మర్నాడు రోడెల్ ఫోను చేసినప్పుడు ఆమె ఎన్నడూ అననిది అంది.

"మీరు మా వీధికి రండి."

"మేడమ్?"

"వసూలుకు రండి."

"నేను ఆరేళ్ళుగా ఈ పని చేస్తున్నాను మేడమ్. రావద్దని ఏడ్చినవాళ్ళున్నారు, కుక్కను వదిలినవాళ్ళున్నారు. రమ్మన్నది మీరొక్కరే."

"శనివారం భోజనాల వేళకు రండి. తిన్నగా మా ఇంటికి రావద్దు. ఎదురుగా హోటలుంది. అక్కడ దిగి, రోవేనా ఇల్లెక్కడ అని గట్టిగా అడగండి."

"అప్పు సంగతి బయటివాళ్ళ దగ్గర ఎత్తకూడదు మేడమ్. మాకు రూలుంది."

"ఎత్తొద్దు. అడిగితే చాలు. మెడలో బ్యాంకు బిళ్ళ వేసుకుని రండి. ఎండగా ఉంటుంది, అక్కడ ఫ్రిజ్‌లో చల్లటి సోడా దొరుకుతుంది. ఫ్రిజ్ పక్కనే నిలబడి తాగండి."

"ఫ్రిజ్ ఎందుకు మేడమ్?"

"నా అప్పులో పెద్దది అదే."

రోడెల్ ఎప్పుడూ నవ్వడు. అప్పుడు నవ్వాడు. నవ్వి, సారీ చెప్పాడు.

ఆమె ఆలోచన తిన్ననిది. వెంగ్ అడగలేదు, కాబట్టి వెంగ్‌కు అవసరం లేదు అనుకుంటున్నారు కదా. బ్యాంకు మనిషి మెడలో బిళ్ళతో వీధిలోకి వచ్చి నిలబడితే అవసరం ఎంతో కళ్ళకు కనబడుతుంది. ఎవరి సిగ్గు వాళ్ళకు పుడుతుంది. తను నోరు విప్పనక్కర్లేదు. సాయంత్రానికి ఒక్కొక్కరే వచ్చి చేతిలో పెట్టి పోతారు.

శనివారం ఆమె కిటికీ తెర వెనక కూర్చుంది. రోడెల్ వచ్చాడు. ఒక్కడే రాలేదు, వెంట పై అధికారి కూడా ఉన్నాడు, చేతిలో కాగితాల అట్టతో. హోటలు నిండా జనం. హెర్మో పులుసులో అన్నం కలుపుకుంటున్నాడు. చోలెంగ్ అత్త కూర పొట్లానికి వచ్చి నిలబడింది. అర్నెల్ బండి నీడలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. అంతా అనుకున్నట్టే కుదిరింది.

"రోవేనా గారి ఇల్లు ఇక్కడెక్కడండీ?" రోడెల్ గొంతు వీధి దాటి వినబడింది.

గరిటెలు ఆగాయి. లూదీ అతని మెడలో బిళ్ళ చూసింది. తరవాత చేతులు తుడుచుకుంది.

"ఏ రోవేనా?"

"వైర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. వెంగ్ అంటారట."

"ఓ, వెంగా! ఇంకెక్కడి వెంగ్ బాబూ? ఖతార్ వెళ్ళిపోయింది."

తెర వెనక వెంగ్ లేచి నిలబడింది.

"ఎప్పుడు?" అన్నాడు పై అధికారి.

"మొన్న పండగ ముందు," అంది లూదీ.

"ఈస్టర్ వెళ్ళాక," అన్నాడు హెర్మో అదే క్షణంలో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "అంటే, పండగ ముందు బయల్దేరింది, ఈస్టర్ వెళ్ళాక చేరింది," అని సర్దాడు హెర్మో. "నేను వార్డు మెంబర్ని. నేనే సంతకం పెట్టాను ఆవిడ కాగితాల మీద."

"అక్కడొక కొరియావాణ్ణి పెళ్ళి చేసుకుందట," అన్నాడు అర్నెల్, తను కూడా ఏదో ఒకటి ఇవ్వాలి కదా అని.

"ఇంకేం తిరిగొస్తుంది బిడ్డ," అని చోలెంగ్ అత్త చేతిరుమాలుతో ముక్కు ఒత్తుకుంది. ఆవిడ ఆ మాట నిజంగానే నమ్మేసినట్టుంది.

రోడెల్ తనకు చెప్పిన పని మరవలేదు. సోడా అడిగి, ఫ్రిజ్ పక్కన నిలబడి తాగాడు. "మంచి ఫ్రిజ్. ఎక్కడ కొన్నారండీ?"

"మా అత్తగారిది. చచ్చిపోతూ ఇచ్చింది," అంది లూదీ, రెప్ప వెయ్యకుండా.

సోడాకు డబ్బు కూడా పుచ్చుకోలేదు. వచ్చినవాళ్ళిద్దరినీ అర్నెల్ బండిలో ఎక్కించుకుని, ఖతార్ సంగతి ఇంకా బాగా తెలిసిన మనిషి ఉన్నాడంటూ మూడు వీధుల అవతల ఎవరూ లేని ఇంటి ముందు దించేసి వచ్చాడు.

బండి తిరిగొచ్చిందో లేదో అందరూ వెంగ్ గుమ్మంలో ఉన్నారు.

"బతికించాను నిన్ను!" లూదీ ఆమె రెండు భుజాలూ పట్టుకుని ఊపింది. "బ్యాంకోడే మారే! మెడలో బిళ్ళ! ఖతార్ తోలేశా నిన్ను. ఇహ జన్మలో రాడు."

"కొరియా మొగుణ్ణి నేనిచ్చా అక్కా," అన్నాడు అర్నెల్.

"భయపడకు వెంగక్కా. ఈ వీధిలో నీ వెంట్రుక కూడా ఎవడూ పీకలేడు. మేం లేమూ?" అన్నాడు హెర్మో.

చోలెంగ్ అత్త తన కూర పొట్లం వెంగ్ చేతిలో పెట్టింది. "తిను తల్లీ. మొహం చూడు ఎలా పాలిపోయిందో."

వెంగ్ నలుగురికీ థాంక్స్ చెప్పింది. చెప్పక తప్పలేదు. వాళ్ళు వెళ్ళాక మంచం మీద కూర్చుని పొట్లం విప్పి తిన్నది. కూర బాగుంది. పొద్దున ఆ వీధి ఆమెకు బాకీ ఉంది. మధ్యాహ్నానికి ఆమే వీధికి బాకీ పడింది.

సోమవారం ఫోను మోగింది.

"మేడమ్, మీరు ఖతార్‌లో ఉన్నారు," అన్నాడు రోడెల్, భోజనం సంగతి అడగకుండా.

"నేను మెట్ల మలుపులో ఉన్నానండీ."

"నాకు తెలుసు మేడమ్. కానీ మా సార్ ఫైల్లో రాసేశారు. దేశం వదిలి వెళ్ళిన వాళ్ళకు వాయిదాల ఏర్పాటు ఉండదు. రద్దవుతుంది. మీరు స్వయంగా లిపా బ్రాంచికి రావాలి. మీరు ఇక్కడే ఉన్నారని చెప్పేందుకు పొరుగువాళ్ళలో ఒకరు సంతకం పెట్టాలి. ఆ హోటలావిడ అయితే మంచిది. మొదట చెప్పింది ఆవిడే కదా," అన్నాడు.

లూదీ పెళ్ళికి వెళుతున్నట్టు తయారైంది. నడుముకు బిగుతుగా ఉన్న పూల గౌను, పెదాలకు రంగు. బ్యాంకులో చల్లగాలి తగిలే కుర్చీ చూసుకుని కూర్చుంది. కౌంటరు వెనక కళ్ళద్దాలావిడ కాగితం ముందు పెట్టి, "శనివారం మా వాళ్ళకు తప్పు సమాచారం ఎందుకిచ్చారండీ?" అంది.

"మా మారే కోసమమ్మా. మీకు మారేలు లేరా?"

కళ్ళద్దాలావిడకు ఉన్నట్టే ఉన్నారు. ఇంకేమీ అడగలేదు. లూదీ సంతకం పెట్టింది. కళ్ళద్దాలావిడ ఏర్పాటు తిరిగి తెరిచి, శుక్రవారం మూడింటికల్లా ముప్ఫయి వేలు కట్టాలని చెప్పి, మొత్తం అప్పున్న కాగితాన్ని ఇటు తిప్పింది.

లూదీ అందులోకి వంగి చూసింది. "ఇది వేరే ఎవరిదో. పేరు సరిగ్గా చూడండమ్మా."

"రోవేనా గారిదేనండీ."

లూదీ వెంగ్ వంక తిరిగింది. "ఏం కొన్నావే ఇంత?"

"ఇస్త్రీపెట్టె."

లూదీ గోడ మీద గడియారం చూసింది. తరవాత కౌంటరు మీదకు మోచేతులు చేర్చి, చేపల బేరానికి దిగినట్టే దిగింది. "సరేలేమ్మా, చివరి మాట చెప్పండి. లక్ష చేసుకోండి. రొక్కం." రొక్కం ఎక్కడుందో లూదీకే తెలియాలి. కళ్ళద్దాలావిడ ఓపిగ్గా వద్దంది. లక్షా పది కూడా వద్దంది.

తిరుగు ప్రయాణానికి జీప్నీ ఎక్కారు, బస్సులా జనాన్ని ఎక్కించుకునే బారు జీపు. ముందుకు అందించమని వెనకవాళ్ళు ఇచ్చిన ఛార్జీ నాణేలను లూదీ చేతిలోనే పట్టుకుని మరిచిపోతే, డ్రైవరు అద్దంలోంచి అరిచాడు.

"ఎందుకు అడగలేదే వాళ్ళని?" అంది చివరకు.

"ఎలా అడగను? ఇవ్వలేదంటే వాళ్ళ దగ్గర లేదనుకున్నా."

"నువ్వు అడగలేదంటే నీకు అక్కర్లేదనుకుంటారు జనం! ఆఫీసు మనిషివి, మొగుడూ పిల్లల్లేరు, నీకేం ఖర్చని. ఎవరెవరు చెప్పు."

"అర్నెల్ ఆరు వేలు. చోలెంగ్ అత్త అయిదు. హెర్మో పదకొండు." వెంగ్ అక్కడ ఆగింది.

"ఆ పాటల పెట్టె ఇంకా తీరలేదా! ప్రతి ఆదివారం మన చెవులు చిల్లులు పొడుస్తాడు, అదీ నీ డబ్బుతోనా! నాకు వదిలెయ్యి. సిగ్గు నీకుంది. నాకు లేదు."

నిజంగానే లేదు. అర్నెల్ బండి తాళం తీసి గౌను జేబులో వేసుకుని, ఆరు వేలూ తెచ్చేదాకా ఇవ్వనంది. వాడు ఫోను అమ్మి తెచ్చాడు, తెస్తూ, "శనివారం కొరియావాణ్ణి ఉత్తినే ఇచ్చా కదా," అని గొణిగాడు. చోలెంగ్ అత్త దగ్గర గొంతు తగ్గించి, ఆవిడ కొడుకు ఇంటికి పోయి గొంతు పెంచింది. హెర్మో మీదికి భోజనాల వేళ, జనంలో వెళ్ళింది. "మెంబరు గారూ, ఒక పాట పాడండి. వెంగ్ డబ్బుతో కొన్న పెట్టెలో వెంగ్ కోసం ఒక పాట." ఆ సాయంత్రమే అతని పెళ్ళాం కవరులో పెట్టి పంపింది. వచ్చే ఎన్నికలకు ఇంకా ఏడాది కూడా లేదు.

శుక్రవారం వెంగ్ సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. భోజనాల రద్దీ అయిపోయి హోటలు ఖాళీగా ఉంది. లూదీ ఆమె ముందు అన్నం, సినిగాంగ్ పులుసు పెట్టి, తినేదాకా ఆగి, బల్ల తుడిచి, డబ్బు పరిచింది.

"ఇదిగో అర్నెల్‌ది. ఇది అత్తది, చిల్లర ఎక్కువుంది చూసుకో. ఇది హెర్మోది. పైసా తగ్గలేదు. ఎంత సిగ్గులేని జనమే మారే! మూడేళ్ళు! అడిగితే గానీ కదల్లేదు."

వెంగ్ లెక్కపెట్టింది. ఇరవై రెండు వేలు. మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇంకా ఎనిమిది వేలు తగ్గింది," అంది.

"ఆఫీసులో అడ్వాన్సు తీసుకోవే."

"ఆఫీసుకు తెలియకూడదనే కదా ఇదంతా."

"హెర్మోని ఇంకో మూడు పిండుతా."

"హెర్మోది అయిపోయింది."

"అర్నెల్..."

"వాడిదీ అయిపోయింది."

లూదీ తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. ఈ మూడేళ్ళలో వెంగ్ తను అడగవలసిన మాటను ఎన్నో రకాలుగా కూర్చుకుంది, వాతావరణంతో మొదలుపెట్టి, పిల్లల చదువుల మీదుగా. అవేవీ ఇప్పుడు గుర్తు రాలేదు.

"ఫ్రిజ్ డబ్బులివ్వు మారే."

"ఏంటీ?"

వినబడకపోయే దూరం కాదు. వెంగ్ ఇంకోసారి అంది, ఈసారి గట్టిగా. "ఫ్రిజ్ డబ్బులు. పదిహేడు వేలుంది. ఇవాళ ఎనిమిది ఇవ్వు."

లూదీ గుడ్డ బల్ల మీద పడేసింది. "నీకోసం వీధంతా తిరిగాను."

"తిరిగావు."

"నీకోసం అబద్ధం చెప్పాను. మళ్ళీ బ్యాంకుకొచ్చి, అది అబద్ధమని సంతకం పెట్టాను."

"పెట్టావు."

"అందరి మీదా అరిచి చెడ్డదాన్నయ్యాను. ఇంకా నన్నడుగుతున్నావా?"

"అడుగుతున్నాను," అంది వెంగ్.

లూదీ లోపలికి పోయింది. రేకు డబ్బాల చప్పుడైంది. ఒక మూత నేల మీద పడి చాలాసేపు గుండ్రంగా తిరిగింది. వచ్చేటప్పటికి చేతిలో నోట్లున్నాయి, కొన్ని మడతలు పడి, కొన్ని నూనె మరకలతో. బల్ల మీద పెట్టలేదు, విసరనూ లేదు. ఒక్కొక్కటే వెంగ్ చేతిలో లెక్కపెట్టింది.

"రేపు పందిమాంసం తేవడానికి దాచినవి. రేపు హోటల్లో పందిమాంసం ఉండదు. ఎందుకు లేదని ఎవరైనా అడిగితే వెంగ్ వల్లే అంటాను."

"అను."

"మిగిలింది నెలకు వెయ్యి."

"ఒకటో తారీకున అడుగుతాను."

లూదీ ఆమె తిన్న పళ్ళెం తీసుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "అన్నం, పులుసు. డెబ్భై అయిదు."

ఇన్నేళ్ళలో లూదీ ఆమెకు ధర చెప్పడం అదే మొదలు. వెంగ్ పర్సు తీసి వంద ఇచ్చింది. లూదీ పళ్ళెం చంకన పెట్టుకుని, గల్లాలో వెతికి, ఇరవై అయిదు తిరిగి ఇచ్చింది. ఇద్దరూ సరిచూసుకున్నారు. సరిపోయింది.

వెంగ్ చిల్లర ఒక అరలో, బ్యాంకు డబ్బు ఇంకో అరలో పెట్టుకుని రోడ్డు మీదకు వచ్చి నిలబడింది. లోపల లూదీ ఎవరినో తిడుతోంది, ఎదురుగా ఎవరూ లేకపోయినా. లిపా జీప్నీ దూరాన మలుపులో కనబడింది. బ్యాంకు మూసేలోపు చేరవచ్చు. వెంగ్ చెయ్యెత్తింది.